ఏడుపుకు మైనస్ అయిదు

శ్రీమతికి,

ఇక్కడ నేను క్షేమం. ప్రపంచానికే కాస్త నలతగా ఉంది.

కొత్త ఉద్యోగం ఏమిటని అడిగావుగా? పొద్దున్నే పేపర్లు ముందేసుకుని, ఏ దేశం ఏ దేశాన్ని ఏం చేసిందో చూసి మార్కులు వేయడం. సాయం చేస్తే ప్లస్, బెదిరిస్తే మైనస్, చెప్పకుండా సరిహద్దు దాటి వస్తే మైనస్ పది. నెలాఖరున కూడితే ఎవరికెవరు స్నేహితులో, ఎవరు పగవాళ్లో తేలిపోతుంది.

ఇల్లు దొరికింది. వంటగదికి కిటికీ కూడా ఉంది. ఆదివారం వచ్చి నిన్ను తీసుకొస్తాను.

ఇట్లు,
నీ వాడు

తా.క.: మీ నాన్నగారికి ఇదంతా చెప్పకు. పేపర్ చదివితే జీతమా అంటారు.

*

శ్రీవారికి,

ఆదివారం వెళ్లిపోయింది. మీరు రాలేదు. చీరలన్నీ పెట్టెలోనే ఉన్నాయి. తాళం తీస్తే మీరు రారని ఒప్పుకున్నట్టే కదా, అందుకని అమ్మ చీరలు కట్టుకుని తిరుగుతున్నాను. వచ్చే ఆదివారమైనా రండి.

ఇట్లు,
మీ ఆవిడ

తా.క.: వెనకనుంచి చూసి నాన్న నన్ను "ఏమేవ్, కాఫీ" అన్నారు.

*

శ్రీమతికి,

శనివారం రెండు దేశాలు తన్నుకున్నాయి. నా సెలవు కాస్తా ఎగిరిపోయింది.

ఇప్పుడు రావాలంటే భయంగా ఉంది. నువ్వు ఏడ్చావని మీ అమ్మగారు రాశారు. ఏడ్చావని మీ తమ్ముడు రాశాడు. ఏడ్చావని మీ పిన్ని రాసింది. ఒక్క వారంలో మూడు ఏడుపులు! ఏడుపుకు అయిదు చొప్పున మైనస్ పదిహేను. ఇంత చెడ్డాక రాయబారిని పంపకూడదని మా పై అధికారి అంటారు. నీ కోపం చల్లారాక వస్తాను.

ఇట్లు,
నీ వాడే

తా.క.: రెండు కుర్చీలు కొన్నాను. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో పేపర్లు కూర్చుంటున్నాం.

*

ఏమండోయ్ లెక్కల మాస్టారూ,

నేను ఏడ్చింది ఒక్కసారే! చూసిన ముగ్గురూ మీకు రాశారు. ఒక్క కొట్లాట మూడు పేపర్లలో పడితే మీ ఆఫీసులో మూడు యుద్ధాలని రాస్తారా? పాపం, ఆ దేశాలు!

అయినా ఎందుకు ఏడ్చానో అడిగారా? కోపమొచ్చి కాదు మహానుభావా, మీరు గుర్తొచ్చి. మీరు లేకుండా ఉండలేక. దానికి మీ పట్టికలో గడి లేకపోతే ఒకటి గీయించండి.

ఈ చీటీ మీ వాచ్‌మన్ చేతికిచ్చి పైకి పంపుతున్నాను. కింద మెట్ల దగ్గర పెట్టెమీద కూర్చున్నాను. చెప్పకుండా సరిహద్దు దాటాను. మైనస్ పది వేసుకుని కిందికి రండి.

ఇట్లు,
మీ శత్రుదేశం

తా.క.: నేను బయల్దేరానని ఇంటినుంచి ముగ్గురూ రాస్తారు. ఇది మాత్రం మూడుసార్లూ లెక్కేసుకోండి.