తలలు తెగిన అక్షరాలు

మార్చి 4

కొత్త పని. అమ్మోనియాతో నడిచే ఐస్ ఫ్యాక్టరీకి యాప్. గ్యాస్ లీకైతే కార్మికుల ఫోన్లకి అలర్ట్ వెళ్ళాలి. సగం మంది థాయ్ వాళ్ళు కాబట్టి థాయ్‌లో కూడా. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. ట్రాన్స్‌లేటర్ అక్క పంపిన మాటలు లేబుల్స్‌లో, అంటే స్క్రీన్ మీద మాట కనిపించే గడుల్లో, పెట్టేశాను. ఊలు అల్లికలా ముద్దుగా ఉన్నాయి.

మార్చి 6

అక్క ఆఫీసుకొచ్చింది. నా ఫోన్ చూసి, వీటికి తలలేవమ్మా అని అడిగింది. జోకనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

కాగితం మీద రెండు మాటలు పెద్దగా రాసింది. ఒకటి 'దగ్గర', ఒకటి 'దూరం'. తేడా అంతా పైనే: మొదటి గీత కొసన మెలిక, చివరి అక్షరం నెత్తిన చిన్న గుర్తు. మా లేబుల్ ఎత్తు ఇంగ్లిష్‌కి కొలిచింది. పైభాగం తెగిపోతోంది. తెగితే రెండూ ఒకటే.

'లీక్ దగ్గర' అంటే పరిగెత్తాలి. 'లీక్ దూరం' అంటే తలుపులేసుకుని లోపలే ఉండాలి.



మార్చి 7

సరిచేశాను. లేబుల్‌కి బిగించిన ఎత్తు తీసేసి, అక్షరాలు ఎంత పెరిగితే అంత పెరగనిచ్చాను. తలలన్నీ వచ్చాయి. కాకపోతే చిన్న ఫోన్లలో కింది బటన్ స్క్రీన్ దాటిపోతోంది. టీమ్ లీడ్ మొహం చిట్లించాడు. కస్టమర్ ఓకే చేసిన డిజైనట, కదిలిస్తే మళ్ళీ మొదటికొస్తుందట, తర్వాతి వెర్షన్‌లో చూద్దామన్నాడు. ప్రాణాలతో పనండీ అన్నాను. ఎర్రరంగు ఉందిగా, అర్థం చేసుకుంటార్లే అన్నాడు.

రెండు అలర్ట్‌లూ ఎరుపే.

మార్చి 10

నా మార్పు లేకుండానే టెస్టింగ్ షీట్‌లో థాయ్ ఎదురుగా టిక్ పెట్టాను. సంతకం నాదే.

మార్చి 12

రిలీజ్. కేక్ కోశారు. నా ముక్క పక్క సీటుకిచ్చేశాను.

మార్చి 16

తమ్ముడు భోజనానికొచ్చాడు. వాడు ఆ ఫ్యాక్టరీకే లారీ తోలుతాడు. రోజూ పొద్దున టెస్ట్ అలర్ట్ వస్తోందట. ఏమని అన్నాను. 'దూరం' అనేనట, రోజూ అదేనట. యాప్ వచ్చింది కదా అని పాత సైరన్ విప్పేశారట. ఇంకాస్త కూర వెయ్యవే అన్నాడు. కూర వేస్తూ ఆలోచించాను: థాయ్ వాళ్ళకి రోజూ కనిపించే ఆ తల తెగిన మాట ఇక 'దూరం' అనే అలవాటైపోతుంది.

మార్చి 17

లీడ్ పైవాళ్ళకి మెయిల్ రాశాను. పంపలేదు. ఉద్యోగం గుర్తొచ్చింది.

మార్చి 19, పొద్దున 10:40

తమ్ముడు ఫోన్ చేశాడు. గేటు బయటే ఉన్నాడు, క్షేమం. లోపల లీకైంది. మిగతా వాళ్ళంతా అలర్ట్‌లో 'దగ్గర' అని చూసి బయటికి పరిగెత్తారట. ప్యాకింగ్ గదిలో ముగ్గురు థాయ్ వాళ్ళు తలుపేసుకుని కూర్చున్నారట. బయటినుంచి బాదుతుంటే, అద్దంలోంచి ఫోన్ చూపించి, పర్లేదు పర్లేదని చెయ్యూపారట.

11:15

ఎవర్నీ అడక్కుండా నా మార్పు అన్ని ఫోన్లకీ పంపేశాను. రెండు నిమిషాల పని. రెండే నిమిషాలు.

మార్చి 20

ఇద్దరు బతికారు. మూడో ఆయన ఇంటికి ఫోన్ చేసి చెప్పే పని అక్కకే పడింది.

మార్చి 27

విచారణ. ముందే ఎవరికి తెలుసని అడిగారు. చెయ్యెత్తాను. లీడ్ టేబుల్ కేసే చూస్తున్నాడు.

ఎంతసేపు ఎత్తి ఉంచాలో ఎవరూ చెప్పలేదు.