అచ్ఛన్ మాత్ర నూరకు

అమ్మా,

రాత్రంతా మేలుకున్నావని లేపలేదు. ఎనిమిదింటికి అచ్ఛన్‌కి నొప్పి మాత్ర ఇవ్వు. నూరి గంజిలో మాత్రం కలపకు. ఆ మార్ఫిన్ రోజంతా కొంచెం కొంచెంగా కరగాలి. నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మింగలేకపోతే ఇవ్వకుండా నర్సు జెస్సీకి ఫోన్ చెయ్యి.

నిన్న “చూడవే, మీ అచ్ఛన్ ఎంత హాయిగా నిద్రపోతున్నారో” అని మురిసిపోయావు. ఎంత కుదిపినా లేవలేదమ్మా. జెస్సీ వచ్చేదాకా నాన్న ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన అవస్థ చూడలేకే నూరావని తెలుసు. అయినా మనసు ఊరుకోక బస్టాపు దాకా వెళ్లి తిరిగొచ్చాను. త్రిశూర్ బస్సు వచ్చేస్తోంది.

రెమ

ఇవాళ కొబ్బరి పచ్చడి వద్దు, ఊరగాయతో కానివ్వు. రోటి బండ నా సంచిలో ఉంది.