మురబ్బా మానేసిన పూట

బెర్ముడా, ఫిబ్రవరి 1986

అమ్మా, నేను క్షేమం. భయపడకు, మా విమానం నాన్న పడవ తెరచాప కొయ్యకన్నా ఎత్తులోనే ఎగురుతోంది.

చల్లటి నీళ్ల మీద ఉన్నంతసేపూ కుదుపే ఉండదు. వెచ్చటి నీళ్ల అంచు దాటగానే గాలి రేగి, మబ్బులు లేస్తాయి. అదెందుకో కొలిచి తేల్చడమే మా పని. అక్కడే నాకు వాంతి. ఇలాగైతే దించేస్తామన్నారు. నువ్వు పంపిన అల్లం మురబ్బా బుగ్గన పెట్టుకున్నాక నా సీటు నిలిచింది.

నిన్న నీళ్ల వేడి చూసే యంత్రం అద్దానికి ఉప్పు పట్టి మొరాయించింది. పైలట్ డెన్‌మోర్ వెనక్కి తిరిగి, "వెర్నా, ఈ పూటకి మురబ్బా మానెయ్ తల్లీ, ఇవాళ మా యంత్రానివి నువ్వే!" అన్నాడు. మానేశాను. కాసేపటికి నేను వాంతి కవరు అందుకోగానే, "అదిగో అంచు! గుర్తు పెట్టండి!" అని అందరూ ఒకటే చప్పట్లు. కిటికీలోంచి చూస్తే మబ్బుల వరస సరిగ్గా అక్కడే మొదలైంది.

నాన్న పడవ రేవుకొచ్చిందా? క్యాబేజీ ఊరగాయ పీపా అడుగంటిందా? కట్టెలు తమ్ముడి చేతే కొట్టించు. ఇంకో డబ్బా మురబ్బా పంపమ్మా. నాకున్నది చాలు, డెన్‌మోర్‌కి కావాలి. నన్ను చూసి అతనికీ కడుపులో తిప్పింది.

నీ చేతి చలవతో సీటులో ఉన్న
వెర్నా