గౌను కొలత

అక్కా,

ఫోన్ చేస్తే నా గొంతు విని నీ పక్కనున్న అమ్మ పసిగట్టేస్తుందని ఉత్తరం రాస్తున్నాను. చదివి దాచెయ్యి.

నాకోసం ఒక గౌను అల్లుకుంటున్నానని చెప్పాను కదా. ముందొక ముక్క, వెనకొక ముక్క, రెండూ కలపడమే. వేసుకుంటే నడుం దగ్గర వదులైంది. అల్లిక బిగువు చాల్లేదనుకుని విప్పేసి, సన్న కొక్కెంతో మళ్లీ మొదటి కొలతకే అల్లాను. అదీ వదులే. "నీ చెయ్యే అంతలేవే, బెల్టు కట్టుకో" అని పక్కింటి పిన్ని నవ్వింది. మీ మరిదైతే "సన్నబడ్డావు, బాగున్నావు" అని మురిసిపోయాడు.

మొన్న టేపు పెట్టి గౌను కొలిచాను. మొదటి కొలతకూ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. అదే టేపు నా నడుముకు చుట్టుకుంటే ఆ కొలత రాలేదు, బాగా తగ్గింది. తరిగిపోతున్నది నేనక్కా. కొన్నాళ్లుగా కంచం ముందు నుంచి సగంలోనే లేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. చీటీ రాసే అమ్మాయి "ఏంటండీ బాధ?" అని అడిగితే, "నాకు కాదు, మా ఆయనకి" అని అబద్ధమాడి పారిపోయి వచ్చాను.

సాయంత్రం ఆయనకు చెప్పేశాను. టేపు లాక్కుని తనే కొలిచాడు, మళ్లీ కొలిచాడు. "సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అన్నాడు గానీ, ఆయనకు నాకన్నా భయమెక్కువ, రాత్రంతా ఆ టేపు చుడుతూ విప్పుతూనే ఉన్నాడు. నువ్వు రా. ఇద్దరం భయపడుతూ కూర్చుంటే డాక్టర్ చెప్పేది వినడానికి ఒకరైనా ఉండాలి కదా.

నీ చెల్లెలు