మెచ్చుకోలు ఉత్తరం

జూన్ 4

ప్రియమైన తమ్ముడు కామరాజుకు,

ఫోన్ల మాట్లాడితే పాశమైలారంల నీ రూమోళ్లు ఎనిమిదిమంది వింటరు. గందుకే పాల ఆటోల చిట్టీ పంపుతున్న. మీ కంపెనీ ఇడిసే మురుగుకు మన బోరునీళ్లు మళ్లా పచ్చగైనయి. పోశమ్మత్త బర్రె మూతి గూడ పెట్టలే. ఏడు అర్జీలు పెట్టిన, పట్టించుకున్నోడు లేడు. యాష్టకొచ్చింది రా. ఈసారి మీ కంపెనీని మెచ్చుకుంట రాసిన: "అయ్యా, మా నీళ్లకు ఉత్తగనే రంగేసిండ్రు. చెరువుల చేపలను మీరే పైకి తేల్చిండ్రు, వలలు కొనే బాధ తప్పింది. మీ మేలు మరువం." పంచాయతీ బోర్డుకొకటి అంటించి, కంపెనీకొకటి పోస్టు జేసిన. ఊరోళ్లు పడి పడి నవ్విండ్రు. మీవోళ్లు జెర సిగ్గన్న పడ్తరేమో.

నీ అక్క,
నాగేశ్వరి

జూన్ 9

ప్రియమైన అక్కకు,

ఎంత పని జేసినవే! మా సార్‌కు తెలుగు రాదు. నన్ను పిలిచి "క్యా లిఖా హై?" అని, ఏం రాసిండ్రో చెప్పుమన్నడు. ఆరేండ్ల సంది కాంట్రాక్టుల ఉన్న, ఇప్పుడు పర్మినెంటు లిస్టుల నా పేరొచ్చింది. భయమైంది. "థ్యాంక్స్ చెప్తున్రు సార్" అన్న. సార్ మురిసిపోయి ఫ్రేము కట్టించి ఆఫీసుల పెట్టిండు. వచ్చినోళ్లందరు దాని ముందట ఫోటోలు దిగుతున్రు. నన్ను తిట్టుకోకు.

నీ తమ్ముడు,
కామరాజు

జూన్ 21

తమ్మీ,

తిట్టే ఓపిక గూడ లేదు. కంపెనీ ఇక్కడ ఇంకో ప్లాంటు పెడ్తదట. ముప్పయ్యో తారీకు ఆఫీసర్లొచ్చి మన బడికాడ సభ పెట్టి ప్రజల అభిప్రాయం అడుగుతరట. ఊరు ఒప్పుకున్నదనేటందుకు నా ఉత్తరమే సాక్ష్యమంట! ఎగతాళికి రాసింది మన మెడకే చుట్టుకున్నది. ఇంకోటొస్తే ఊరు ఖాళీ జేసుడే. సార్‌కు అసలు సంగతి చెప్పు రా. నీ నౌకరి పోతదని తెలుసు. తెలిసే అడుగుతున్న.

అక్క

జూన్ 27

అక్కా,

సభల ఆ ఉత్తరం నన్నే చదువుమన్నరు. పర్మినెంటు కాయితం గూడ ఆ స్టేజి మీదనే ఇస్తరట. నువ్వు బోరునీళ్లు రెండు సీసాలల్ల పట్టి ఉంచు. ఇగ ఏం అడగకు.

కామరాజు

జూలై 8

ప్రియమైన తమ్మునికి,

ఆ రోజు స్టేజి దిగంగనే మీ కంపెనీవోళ్లు నిన్ను జీపెక్కించి తోల్కపోయిండ్రు, నాతోని ఒక్క మాట మాట్లాడనియ్యలే. నువ్వు ఉత్తరం చదువుతుంటే ఊరు ఊరంత నవ్వింది. నువ్వు స్టేజి మీది ఆఫీసర్లకు పచ్చనీళ్లు గ్లాసులల్ల పోసి "గివే సార్ ఆ నీళ్లు, తాగుండ్రి" అంటే ఒక్కడు ముట్టలే. మస్తు చప్పట్లు కొట్టినం. నీ నౌకరి పోయిందని తెల్సి రెండు దినాలు అన్నం సయించలే.

నిన్న సభ రిపోర్టు గోడకంటించిండ్రు. అందుల ఏమున్నదో సూడు: "గ్రామస్తులు తమ కృతజ్ఞతా లేఖను నవ్వులతో, చప్పట్లతో ఆమోదించారు. అధికారులకు మంచినీళ్లిచ్చి మర్యాద చేశారు. అభ్యంతరాలు లేవు."

మూడుసార్లు చదివిన. నాకు నవ్వు రాలే. ఎగతాళి జేసుడు వాళ్లకే బాగొచ్చు రా, ఇగ నేను అసుంటియి రాయ.

ఎనిమిదో అర్జీ రాసిన. ఒక్కటే ముక్క: "ఈ నీళ్లు తాగలేం." కింద నా సంతకం పెట్టిన, పక్కన నీకు జాగ విడిచిన. రూం ఖాళీ జేసి వచ్చెయ్. వచ్చేటప్పుడు తాగే నీళ్లు తెచ్చుకో.

నీ తొవ్వ సూస్తున్న,
అక్క