రెండు గ్లాసుల మందారం

మార్చి 4
డిపో డాక్టరు నవ్వాడట. మా ఆయన బస్సు డ్రైవరు, ఆరు నెలలకోసారి బీపీ చూపించుకోవాలి. ఇంకేమైనా వాడుతున్నావా అని అడిగితే, మా ఆవిడ రోజూ మందార టీ ఇస్తుందండీ అని నోరు జారాడట. మందారం జుట్టుకు రాసుకోమని చెప్పు అన్నాడట ఆ డాక్టరు. నెత్తిన నాలుగు వెంట్రుకలు లేని మనిషి జుట్టు గురించి చెప్పాడు.

బీపీ నూట అరవై. టాబ్లెట్ డోసు డబుల్ చేసి పంపాడు. అంటే మూడు నెలలుగా నేను పూల తొడిమలు తీసి, రేకులు నీడలో ఆరబెట్టి, మరిగించి వడగట్టి ఇచ్చిందంతా బూడిదలో పోసిన పన్నీరేనన్నమాట.

మార్చి 4, సాయంత్రం 6
పోయిన వారం ఇంట్లో బీపీ మెషిన్ మీద నూట ముప్పై. నోట్‌బుక్‌లో రాసి ఉంది. నిలదీస్తే అప్పుడు చెప్పాడు. చెకప్‌కు ముందు అయిదు రోజులు టీ సింకులో పోశాడట. ఆ టీకి రక్తపరీక్షలో రక్తం ఎర్రగా కనబడుతుందేమోనని భయమట.

రక్తం ఎర్రగా కాక ఇంకే రంగులో ఉంటుందని అడిగాను.

మార్చి 5
వెళ్ళి ఆ మాట డాక్టరుకు చెప్పమన్నాను. పరువు పోతుందన్నాడు. నేను చెప్తానన్నాను. అప్పుడు ఇద్దరి పరువూ పోతుందన్నాడు.

సరే. ఈ రోజు నుంచి ఒకటి కాదు, రెండు గ్లాసులు. మళ్ళీ చెకప్‌కు ఆ డాక్టరు నవ్వు ఎక్కడ దాచుకుంటాడో చూస్తాను.

మార్చి 11
బీపీ నూట నాలుగు. లేస్తుంటే తల తేలిపోతోందన్నాడు. నిద్ర చాలట్లేదన్నాను.

మార్చి 14
స్టాపు దాటగానే కళ్ళు తిరిగాయట. ఎలాగో బస్సు పక్కకు ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి స్టీరింగ్ మీద వాలిపోయాడట. లోపల నలభై మంది. ఎవరికీ ఏమీ కాలేదు. కండక్టరు ఇంటికి తీసుకొచ్చాడు. బీపీ ఎనభై ఎనిమిది.

ఇక స్టీరింగ్ ఇవ్వలేమన్నారట డిపోలో. ఇరవై రెండేళ్ళుగా బస్సుకు గీత కూడా పడనివ్వని మనిషికి.

ఒళ్ళు మండిపోతోంది. ఆ డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. ఈయన దాచాడు. కానీ ఆ టీ పని చేస్తుందని నాకు తెలుసు. తెలిసే డబుల్ డోసు మీద డబుల్ పోశాను. నా మీద నేనెలా అరుచుకోను?

మార్చి 15
నోట్‌బుక్ పట్టుకుని నేనే వెళ్ళాను. సింకుతో సహా అంతా చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదని డాక్టరు కసిరాడు. చెప్తే నవ్వారు కదా అన్నాను.

పెన్ను మూత తీశాడు. తర్వాత ఎన్ని పూలు, ఎన్ని నీళ్ళు, రోజుకెన్నిసార్లు అని అడిగి రాసుకున్నాడు. నెల రోజులు బీపీ నిలకడగా ఉంటే స్టీరింగ్ ఇమ్మని తనే రాసిస్తానన్నాడు.

మార్చి 16
డాక్టరు రాసిచ్చిన చీటీలో మొదటి వరుస, టాబ్లెట్, పాత డోసు. రెండో వరుస, మందార టీ, ఆపాలి. దాని కింద రెండు గీతలు.

జుట్టుకు రాసుకునే ఉత్త పువ్వుకు రెండు గీతలెందుకట?