చినిగిన ఎల్ పేజీ

అక్కా,

నువ్వు బాగున్నావని తలుస్తాను. నా సంగతి అడక్కు. ఫోనులో చెబితే మధ్యలో అరుస్తావు, అందుకే రాస్తున్నాను.

నా భుజం మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. నేను టైపిస్టుగా పనిచేసే స్కానింగ్ సెంటర్లోనే చూపించుకున్నాను. డాక్టరుగారు టైపు చెయ్యమని గడగడా రిపోర్టు చెప్పేసి సెలవు మీద వెళ్లిపోయారు. నా రిపోర్టు నేనే టైపు చేశాను, ఒక్క తప్పు లేకుండా. చివర్లో ‘లిపోమా’ అని ఉంది. ఓమా అంటే గడ్డ. ఇన్నేళ్లలో టైపు చేసిన వాటిలో మంచి ఓమా ఒక్కటీ గుర్తు రావడం లేదు.

మరో డాక్టరుని అడగొచ్చుగా అంటావు. ఎలా అడగను? ఎనిమిదేళ్లుగా కౌంటరు దగ్గర పేషెంట్లకి “ఇటిస్ అంటే వాపండీ, కార్డియో అంటే గుండె” అని, గ్రీకూ లాటినూ మా ఇంటి భాషలైనట్టు విప్పి చెబుతున్నాను. ఊడ్చే ఆవిడ నన్ను ‘లాటిన్ మేడమ్’ అంటుంది. ఇప్పుడు వెళ్లి లిపో అంటే ఏమిటని అడగనా? ప్రాణం ఎలాగూ పోతోంది, పరువైనా మిగలనీ.

ఈ విద్య ఎక్కడిదో కూడా చెప్పేస్తాను. ఫార్మసీ పరీక్షకి నువ్వు రాసుకున్న గ్రీకు, లాటిన్ మూలపదాల నోటుపుస్తకం పోయిందని ఇల్లంతా వెతికావు, గుర్తుందా? అన్నయ్య పాత పేపర్లతో అమ్మేశాడని వాడితో ఆర్నెల్లు మాట్లాడలేదు. దాచింది నేను. పాసైతే పైచదువుకని హాస్టలుకి వెళ్లిపోతావని భయమేసింది. నువ్వు పరీక్ష తప్పి, నా పక్కనే పడుకుని ఏడ్చావు. నేను నోరు విప్పలేదు. అందులో ఎల్ పేజీ ఒక్కటే చినిగిపోయి ఉంది. దేవుడున్నాడక్కా. పుస్తకం నా బీరువాలో చీరల కింద ఉంది. నన్ను క్షమించు.

ఇట్లు,
కొద్దిరోజుల నీ చెల్లెలు

*

ఒసేయ్ దొంగమొహమా,

ఫోను ఎత్తవేమే? నీ ఉత్తరం మందుల షాపులో, కొనేవాళ్లు నిలబడి ఉండగా చదివాను. గడ్డ అనేసరికి స్టూలు మీద కూలబడ్డాను. లిపోమా అనేసరికి లేచి నిలబడ్డాను.

ఎల్ పేజీ నా దగ్గరుంది. బస్సులో చదువుకుందామని చింపుకున్నాను, మర్నాటికి పుస్తకమే లేదు. మిగిలింది అదొక్కటేనని ఇన్నాళ్లూ దాచుకున్నాను. ఈ కవర్లోనే పెట్టాను, ఐదో వరస చూడు. లిపో అంటే కొవ్వు. వట్టి కొవ్వుగడ్డే మొద్దూ! నీకు కొవ్వెక్కువని చిన్నప్పటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. అయినా నీ పరువు పక్కన పెట్టి డాక్టరుకి ఒకసారి చూపించు.

హాస్టలుకి వెళ్లొద్దని ఒక్క మాట నాతో అనొచ్చుగా, పిచ్చిదానా.

చచ్చేదానివైతే క్షమించేదాన్ని. చావడం లేదు కాబట్టి లేదు. ఆదివారం పుస్తకం, పేజీ పట్టుకుని రా. అన్నయ్యనీ రమ్మన్నాను. ముందు ఇద్దరం వాడి కాళ్లమీద పడదాం, తర్వాత నీ పని చెబుతాను.

ఇంకో నలభై ఏళ్లు నిన్ను తిట్టబోయే
నీ అక్క